తడి బస్తాతో గొంతు కోసేవాళ్లు

నిఖిలేశ్‌ని చంపేశారు. కాగితం మీద మాత్రం అతను జారిపడ్డాడు.

‘పిల్లకాలువ గట్టుపై నడుచుచుండగా కాలు జారి, నీట మునిగి మృతి’ అని రాసి ఉన్న ఆ కాగితాన్ని ఏజెంట్ ధర్మతేజ రెండుసార్లు చదివాడు. మొదటిసారి కళ్లతో, రెండోసారి పళ్లతో. అంత గట్టిగా కొరికాడు. ట్రైనింగ్‌లో నిఖిలేశ్‌ది అతని పక్క మంచం. వరదలో ఉన్న బ్రహ్మపుత్రను అడ్డంగా ఈదినవాడు, రాయచూరు జిల్లా జవళగేర దగ్గర నడుంలోతు కాలువలో మునిగిపోయాడట.

"ఇది మీరు నమ్మారా సార్?"

చీఫ్ అంబరీశ్ ఢిల్లీ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని నీళ్లు నమిలాడు.

"నమలండి సార్. నిఖిలేశ్ మింగాడు, మీరు నమలండి."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఆ సాయంత్రానికల్లా అండమాన్‌లో పక్షుల్ని లెక్కపెడుతూ ఉండేవాడు. కానీ అంబరీశ్‌కీ లోపల కాలుతూనే ఉంది. కేసు నీరుగార్చమని పైనుంచి ఫోన్ వచ్చింది. ప్రభుత్వోద్యోగి కాబట్టి గార్చాడు. మనిషి కూడా కాబట్టి ధర్మతేజని పిలిపించాడు. లేచి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఆపరేషన్ ఊక."

"ఇంతకన్నా గంభీరమైన పేరు దొరకలేదా సార్?"

"గంభీరమైన పేర్లన్నీ ఫెయిలైన ఆపరేషన్లకి వాడేశాం."

వడ్లు ఆడిస్తే బియ్యం మనకీ, తవుడు గేదెకీ, ఊక పొయ్యికీ పోతాయని తెలుగువాడికి పుట్టుకతో తెలుసు. సాహితి అనే ఇంజనీరుకి ఇంకో సంగతి తెలుసునని అంబరీశ్ చెప్పుకొచ్చాడు. జవళగేర పక్కన వలసొచ్చి వరి పండించే ఆంధ్రా వాళ్ల క్యాంపులో ఆమె ఒక రియాక్టర్ పెట్టింది. ఊకని ఇనప గదిలో గాలి చొరకుండా మూసి ఎర్రగా కాలుస్తుంది. గాలి లేదు కాబట్టి ఊక మండదు, విడిపోతుంది. బొగ్గు ఒకపక్క, గ్యాస్ ఒకపక్క, జిడ్డోడుతున్న తారు ఇంకోపక్క. పైరాలిసిస్ అంటారు దీన్ని. అంతవరకూ ప్రపంచమంతా చేస్తున్నదే. కాకపోతే ప్రపంచం ఊకని ముందు వరుగులా ఎండబెట్టి అప్పుడు కాలుస్తుంది. సాహితి ఎండబెట్టదు. కొలిచినంత తడి ఉంచుతుంది. ఆ తడి లోపల ఆవిరై తారుని విరిచి గ్యాస్‌గా మారుస్తుంది, బొగ్గులో కంటికి ఆనని చిల్లులు తొలుస్తుంది. ఆ చిల్లుల బొగ్గు కొత్తరకం బ్యాటరీలకి బంగారం.

"మరి ఎవరికి నొప్పి?" అన్నాడు ధర్మతేజ.

"ఎండబెట్టే యంత్రాలు అమ్ముకునేవాళ్లకి."

ఆ విదేశీ ముఠాకి ఆఫీసు పెట్టుకున్న పేరు ‘ఎడారి’. సగం ప్రపంచానికి డ్రయ్యర్లు వాళ్లే అమ్ముతారు. తడి ఊకని తడిగానే కాల్చొచ్చని రుజువైన రోజున ఆ డ్రయ్యర్లన్నీ పాతసామాన్ల బండి ఎక్కాలి. అందుకని విదేశీ ప్రతినిధుల ముందు సాహితి డెమో ఇచ్చే రోజే రియాక్టర్ పేలాలన్నది వాళ్ల పథకం. ఎలా పేలుస్తారో నిఖిలేశ్ కనుక్కున్నాడు. చెప్పేలోగా ‘జారిపడ్డాడు’.

"డెమో ఆపించేయండి."

"వాయిదా వేస్తే ప్రాజెక్టు మూసేస్తామని పైవాళ్లు రాసిచ్చారు. ఎడారికి కావలసిందీ అదే. ఇంకో మాట. మొదటి బస్తాలు రియాక్టర్లో పోసేది ఊక సప్లై చేసే మిల్లు ఓనరు. ఎవరో లక్ష్మీతిరుపతమ్మట."

ధర్మతేజ కుర్చీలోంచి లేచాడు. "ఎవరో కాదు సార్. మా పిన్ని."

తల్లి పోయాక అతనికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. తిననని మారాం చేస్తే వీపు మీద పడ్డ చెయ్యీ అదే. ఆ చెయ్యి ఇప్పుడు ఎర్రగా కాలిన ఇనప నోటి ముందు నిలబడబోతోంది.

అంబరీశ్ అతని ముఖం వంక చూడలేకపోయాడు. "ఆపితే ప్రాజెక్టు పోతుంది. ఆపకపోతే మీ పిన్ని పోతుంది. రెండూ పోకుండా చూడు. ఏదన్నా తేడా వస్తే మాత్రం మాకు నువ్వు తెలీదు."

"నిఖిలేశ్ కూడా తెలీదుగా సార్. అలవాటైందిలెండి," అని ధర్మతేజ బయటికి నడిచాడు.

రాయచూరు జిల్లాలో కాలాలు రెండు: ఎండాకాలం, ఎండలు మండే కాలం. ధర్మతేజ దిగింది రెండోదాంట్లో. వేషం ఊక బ్రోకరు. పేరు మహదేవప్ప. ఆఫీసు ఇచ్చిన సామగ్రి, తుపాకీ కాక, రెండు రకాలు. ఒకటి, లోపల మైకు దాచిన పెట్టుడు మీసం. రెండోది, తడిని కొలిచే పెన్ను. బస్తాలో గుచ్చితే పొడిగా ఉన్నచోట పచ్చలైటు, తడి ఉన్నచోట ఎర్రలైటు. మీసం సింధనూరు బస్టాండులోనే చెమటకి ఊడి టీ గ్లాసులో పడింది. ఆ మైకులో అంబరీశ్‌కి ఆఖరిగా వినిపించింది బుడబుడ మాత్రమే.

ఈరప్ప అక్కడే కలిశాడు. ప్లాంటులో వెల్డరు, ఆఫీసుకి లోకల్ మనిషి. మీసాన్ని తుడిచి మళ్లీ అంటిస్తుంటే జాలిగా చూశాడు.

"ఏంది సార్, గిట్ల వేషమేస్తే ఎవరు గుర్తువట్టరు? క్యాంపుల సగంమంది మీ సుట్టాలే గదా."

గూఢచారికి శత్రుదేశంలో పనిచేయడం సులువు. సొంతూళ్లో చెయ్యడమే కష్టం. శత్రుదేశంలో ఎవరూ ఆపి, పెళ్లెప్పుడు చేసుకుంటావని అడగరు.

ఎడారి ముఠాలోనే ఉంటూ మనకి కబుర్లు మోసే మనిషిని ముందుగా కలవాలి. కోడ్ వర్డ్ ఢిల్లీలో తయారైంది. ఆ మనిషి వచ్చి ‘సోనా మసూరి పాతదా, కొత్తదా?’ అంటుంది. జవాబు: ‘పాతదే, కానీ అన్నం ముద్దవుతుంది.’ సింధనూరు బియ్యం మార్కెట్లో గాలి పీల్చే ప్రతివాడూ ఆ ప్రశ్నే అడుగుతాడని కోడ్ రాసిన పెద్దమనిషికి తెలియదు. ధర్మతేజ మార్కెట్లో అడుగుపెట్టగానే ఒక కమీషన్ ఏజెంటు అడిగాడు. కోడ్ చెప్పాడు. పాతబియ్యం ముద్దవడమేమిటని ఆయన ఎగాదిగా చూశాడు. తర్వాత ఒక హోటల్ యజమాని అడిగాడు. కోడ్ విని, బాబూ నీకు ఎవరో కొత్తబియ్యం అంటగట్టారని చాలాసేపు ఓదార్చాడు. ఆ తర్వాత అడిగినవాణ్ణి ధర్మతేజ కొట్టబోయాడు.

అప్పుడు తెల్లకారు దిగింది మేఘా. ఆమె నల్లకళ్లద్దాలు తీయగానే ఆ వీధిలో బేరాలు కాసేపు ఆగాయి. ఒక కాటా మీద గుమస్తా బస్తా పెట్టడం మరిచి తనే కూర్చున్నాడు. ఎడారి కంపెనీకి కన్సల్టెంటు, మనకి ఏడాదిగా రహస్య నేస్తం. ఫైల్లో ఆమె పేరు పక్కన ‘నమ్మదగిన వ్యక్తి’ అని ఉంది. దాని కింద పెన్సిల్‌తో ‘చాలావరకు’ అని ఉంది.

"సోనా మసూరి పాతదా, కొత్తదా?"

"పాతదే. అన్నం ముద్దవుతుంది. నా బుర్ర కూడా ముద్దయింది. విషయం చెప్పండి."

కారులో కూర్చోబెట్టి చెప్పింది. ఆయుధం బాంబు కాదు, నీళ్లు. తిరుపతమ్మ మిల్లు ముద్ర ఉన్న బస్తాలు కొన్నిటిని నిండా నానబెట్టారు. సాహితి పద్ధతిలో తడి కొంచెమే, ఊక లోపలికి వెళ్లేదీ నిదానంగానే. ఎర్రగా కాలుతున్న గదిలో నానిన బస్తాలు ఒక్కసారిగా పడి, ఆవిరి బయటికి పోయే వాల్వ్ మూసుకుపోయి ఉంటే ఆ ఇనప గది బాంబుకి అన్నగారవుతుంది.

"నీళ్లు ఆవిరైతే పదహారు వందల రెట్లు ఉబ్బుతాయి మిస్టర్ మహదేవప్పా. ఇనుము అంత ఉబ్బదు. వాల్వ్ సంగతి ప్లాంటు మేనేజరు వాదిరాజ్ చూసుకుంటాడు. బస్తాలు ప్లాంటు గోడౌన్లోనే ఉన్నాయి. ఏవో నాకు తెలీదు, నేనా ఊక దరిదాపులకి కూడా వెళ్లలేదు. మీరే వెతుక్కోవాలి."

"పేలాక నేరం ఎవరి మీదకి పోతుంది?"

మేఘా నవ్వింది. "బరువు రావడానికి ఊకకి నీళ్లు కొట్టే అలవాటు మీ క్యాంపుల్లో ఉన్నదేగా. ఎవరినీ నమ్మించక్కర్లేదు. అందరూ ముందే నమ్మేసి ఉన్నారు."

ధర్మతేజకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె అన్నది అబద్ధమై ఉంటే అంత ఎక్కేది కాదు.

తిరుపతమ్మ మిల్లు ముందు కాటా పక్కన నిలబడి హమాలీలను తిడుతోంది. ధర్మతేజ గొంతు మార్చి, కన్నడంలో పలకరించి, ఊక కొంటానన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"మీసం ఎవరిదిరా?"

అతను ఇంకొంచెం కన్నడం ప్రయత్నించాడు.

"ఆపరా నాయనా. ఐదో తరగతిలోనే కన్నడం తప్పావు, ఇప్పుడేం ఉద్ధరిస్తావు? ఉజ్జోగం ఊడిందా?"

ధర్మతేజ ఢిల్లీలో ఏదో లెక్కల ఆఫీసులో పనిచేస్తున్నాడని ఆమెకి తెలుసు. అంటే అతను అలా చెప్పాడు. ఇప్పుడు నిజం చెప్పడానికి లేదు, చెప్పిన అబద్ధం నిలబడడానికీ లేదు. పిన్ని తనంతట తనే కథ అల్లేసుకుంది: ఉద్యోగం పోయింది, ముఖం చెల్లక మీసం పెట్టుకుని బ్రోకరు పనికి దిగాడు. కళ్లు తుడుచుకుని లోపలికి తీసుకుపోయి గోంగూరతో అన్నం పెట్టింది. తింటున్నంతసేపూ మేనేజర్లనీ ఢిల్లీనీ కలిపి తిట్టింది. అతనికి ఆ తిట్లు కమ్మగా ఉన్నాయి, ముఖ్యంగా ఢిల్లీ మీదవి.

చేయి కడుక్కుంటూ మెల్లగా అసలు విషయానికొచ్చాడు. "రేపు నువ్వా స్టేజీ ఎక్కకు పిన్నీ."

"ఏం?"

"ఎందుకని అడక్కు. ఎక్కకు."

ఆమె చెంబు కింద పెట్టింది. "మీ బాబాయి పోయిన కాణ్ణించీ ఈ మిల్లు నేనే తిప్పుతున్నా. ఏ ఆఫీసరూ నన్ను కుర్చీ ఏసి కూకోమన్లేదు. ఆ సాహితమ్మ వొచ్చి, మొదటి బస్తా మీ చేత్తోనే పొయ్యాలండీ అంది. ఎక్కొద్దంటాకి నువ్వెవడివిరా, అద్దె మీసపు సన్నాసీ?"

అతని దగ్గరున్న జవాబు దేశరహస్యం.

ఆ రాత్రి వాదిరాజ్ మనుషులు ధర్మతేజని ప్లాంటు గేటు దాటనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే ప్లాంటు ముందు షామియానాలు లేచాయి. విదేశీ ప్రతినిధులు కొబ్బరిబోండాలు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. క్యాంపు రైతులంతా వచ్చి కూర్చున్నారు. రియాక్టర్ అప్పటికే ఎర్రగా కాలుతోంది. దాని పక్కనే వేదిక, వేదిక అంచున ఊక పోసే ఇనప గరాటు, గరాటు అడుగున తలుపు. డెమోకని వాదిరాజ్ కొత్తగా బిగించిన పచ్చ బటన్ నొక్కితే ఆ తలుపు తెరుచుకుని పోసిందంతా ఒక్కసారిగా లోపల పడుతుంది. బటన్ దగ్గర వాదిరాజ్ ఇస్త్రీ చొక్కాలో, ఇస్త్రీ నవ్వుతో నిలబడ్డాడు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఊక గురించిన సభ కావడంతో వక్తలు మరింత న్యాయంగా దంచారు.

ఈరప్ప వచ్చి చెవిలో చెప్పాడు. "వాల్వ్‌కి వెల్డింగ్ కొట్టిండ్రు సార్. నేను కొట్టింది కాదు, వంకరటింకరగుంది. ఇప్పుడు నిప్పు లెక్క కాలుతున్నది, చెయ్యి వెట్టనీకి రాదు. సల్లారాల్నంటే రేపొస్తది."

"సాహితి మేడంకి చెప్పావా?"

"పొద్దుగాల్నుంచి వాదిరాజ్ సార్ ఆమె పక్కకెల్లి జరుగుతలేడు. నన్నైతే గేటు బయటికే నూకిండు. గోడ దునికి వచ్చిన."

ఇక మిగిలింది బస్తాలే. ధర్మతేజ గోడౌన్లో దూరాడు. కప్పుదాకా పేర్చిన బస్తాలు, ప్రతిదాని మీదా పిన్ని మిల్లు ముద్ర. పెన్ను తీసి మొదటి బస్తా అడుగున గుచ్చాడు. ఎర్రలైటు. దొరికిందనుకున్నాడు. పక్కదాన్ని గుచ్చాడు. ఎర్రలైటు. దాని పక్కది ఎరుపు. పైవరస ఎరుపు, కిందివరస ఎరుపు. గోడౌనంతా పెళ్లివారి పందిరిలా లైట్లే.

"పిన్నీ," అన్నాడు పళ్లబిగువున. అతనికి ఒళ్లు మండిపోయింది. దేశం మీదకి విదేశీ ముఠా వస్తే ఎదుర్కోవచ్చు. సొంత పిన్ని ప్రతి బస్తాకీ నీళ్లు కొడితే ఏ గూఢచారి సంస్థ కాపాడుతుంది? పేలుడు బస్తాలు మూడో నాలుగో. వాటిని వెతకబోతే మోసం బస్తాలు వందల్లో అడ్డం వస్తున్నాయి. నిఖిలేశ్ ప్రాణం, ప్లాంటు, పిన్ని, అన్నీ ఈ కక్కుర్తి చెమ్మలో కొట్టుకుపోతున్నాయి. కోపంతో ఒక బస్తాని కాలితో తన్నాడు. బస్తా దొర్లి మూతి పైకొచ్చింది. ఆ మూతిలో పెన్ను పొడిచాడు.

పచ్చలైటు.

ధర్మతేజ ఆగిపోయాడు. ఇంకో బస్తా మూతి. పచ్చ. వరసలన్నీ పొడుచుకుంటూ పోయాడు. అన్నీ పచ్చ.

పెరిగిన ఇంటి విద్య అతనికి అప్పుడు గుర్తొచ్చింది. ఊకకి నీళ్లు కొట్టడం అంటే బిందె తెచ్చి కుమ్మరించడం కాదు, అదొక కళ. కొనేవాడు బస్తా విప్పి మూతి దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు. అందుకని గోతం అడుగున మాత్రమే తడుపుతారు, జానెడు ఎత్తుకి మించి పైకి పాకనివ్వరు. కొనేవాడికీ ఇది తెలుసు, తూకంలో కొంత కోస్తాడు. కోస్తాడని అమ్మేవాడికి తెలుసు, ఇంకో చెంబు పోస్తాడు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యరు, అందరూ అలవాటు ప్రకారం నడుచుకుంటారు. ఈ గోడౌన్లో ఉన్నవన్నీ అలవాటు బస్తాలు. మూతిదాకా నానిన బస్తా ఇక్కడ ఒక్కటీ లేదు.

అంటే మేఘా మిగతా నిజమంతా చెప్పి నమ్మించి, తనని చీకటి గోడౌన్లోకి తోలి, ఎర్రలైట్లు లెక్కపెట్టుకోమని వదిలేసింది.

"ఈరప్పా, ఇవి కాక ఇంకేమన్నా బస్తాలొచ్చాయా?"

"స్టేజి మీదివి ఉన్నయి గద సార్. మూడు. ఆ నల్లద్దాల మేడం తెల్లకార్ల వచ్చినయి. పూలదండలేసి నిలవెట్టిండ్రు."

బయట మైకు పలికింది: "ఇప్పుడు శ్రీమతి లక్ష్మీతిరుపతమ్మగారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం."

ధర్మతేజ పరుగెత్తాడు. ముందువరసలో మేఘా లేస్తోంది, చెవికి ఫోన్ ఆనించుకుని, ఏదో ముఖ్యమైన కాల్ అన్నట్టు. ఆ ఎండలో మణికట్టుదాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. నడుస్తూనే ఒక చేత్తో ఇంకో మోచేతిని బరబరా గోక్కుంటోంది. ఊకలో చేతులు పెట్టేముందు మిల్లు మనుషులు మోచేతులదాకా నూనె పూసుకుంటారు. పూసుకోకపోతే ఆ నూగు చర్మంలో దిగి రోజులతరబడి దురద వదలదు. దరిదాపులకి వెళ్లలేదన్న మనిషి నిజాయితీగా గోక్కుంటోంది.

"ఆమెని కారు ఎక్కనివ్వకు," అని ఈరప్పని అటు పంపి, తను వేదిక మెట్ల మీదకి దూకాడు.

తిరుపతమ్మ పట్టుచీర కట్టుకుని, మొదటి బస్తాకున్న దండ తీసి, మూతి తాడు విప్పుతోంది. పక్కన సాహితి ఆమెకి గరాటు చూపిస్తోంది. ధర్మతేజ సెక్యూరిటీవాణ్ణి తప్పించుకుని బస్తా మూతిలో చెయ్యి పెట్టాడు. మోచేతిదాకా పెట్టాడు. చెయ్యి నీళ్లోడుతూ వచ్చింది.

"ఆపు పిన్నీ. ఇవి తడి బస్తాలు."

మైకు పక్కనే ఉండటంతో ఆ మాట షామియానా చివరిదాకా వెళ్లింది. జనం గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో, తిరుపతమ్మగారి బస్తా తడవకపోతే కదా వార్త అన్నారు. దుబాసీ ఆ మాటని విదేశీయులకి అనువాదం చెయ్యాలా వద్దా అని తికమకపడ్డాడు.

తిరుపతమ్మ ముఖం నల్లబడింది. జీవితంలో మొదటిసారి పదిమంది ముందు గౌరవంగా నిలబడింది. ఆ పదిమంది ముందే, చేతుల్లో పెంచినవాడు వచ్చి దొంగ అన్నాడు.

"నిన్న నా గోంగూర తిన్నావు," అంది మెల్లగా. "ఇయాల నా పరువు తింటన్నావా?"

"పొయ్యొద్దు పిన్నీ, పేలుతుంది."

"పేలనీరా. సిగ్గుతో చచ్చేకంటే అదే నయం."

బస్తాని రెండు చేతులా ఎత్తి గరాటు అంచున పెట్టింది. సాహితి అయోమయంగా చూస్తోంది. వాదిరాజ్ వేలు పచ్చ బటన్ మీదకి జరిగింది. అతని ఇస్త్రీ నవ్వు నలగలేదు కానీ చూపు మాత్రం వేదిక దిగే మెట్లని వెతుక్కుంటోంది.

ధర్మతేజకి తుపాకీ తీసే వ్యవధి లేదు. తీసినా పిన్ని దానికి భయపడే మనిషి కాదు. మిగిలింది ఒకే మాట. అది అంటే ఈ జన్మలో ఆమె మళ్లీ అన్నం పెట్టకపోవచ్చు. అన్నాడు, మైకులోనే అన్నాడు.

"నువ్వు నీళ్లు కొట్టవని నేనన్లేదు. కొడతావు. ఇక్కడ కూర్చున్న ప్రతివాడూ కొడతాడు. కానీ నువ్వు అడుగున కొడతావు పిన్నీ. జానెడు దాటనివ్వవు. ఇది మూతిదాకా నానింది. చెయ్యి పెట్టి చూడు. ఇది నీ చేతిపనేనా?"

నవ్వులు ఆగిపోయాయి. రైతులు కాలిబొటనవేళ్ల వంక చూసుకున్నారు. తిరుపతమ్మ అతని వంక చూస్తూనే, ఒక చేత్తో బస్తాని అదిమిపట్టి, రెండోచెయ్యి మూతిలో పెట్టింది. పైన తడి. నడుమ తడి. వేళ్లసందుల్లోంచి నీళ్లు కారి పట్టుచీర మీద పడ్డాయి. ఆమె ముఖంలో సిగ్గు పోయింది. దాని స్థానంలో అంతకన్నా పాతదీ, అంతకన్నా గట్టిదీ వచ్చింది.

"ఏ చేతకాని ఎదవరా ఇది చేసింది?" అంది. "నా ముద్ర ఏసి, నా పేరు చెప్పి, ఇంత దరిద్రపు తడుపా?"

బస్తాని వెనక్కి లాగింది. అదే క్షణంలో వాదిరాజ్ బటన్ నొక్కేశాడు.

గరాటు తలుపు తెరుచుకుంది. అంచున ఒలికిన ఊక, ఒక దోసెడు, లోపలికి జారింది. దోసెడే. లోపల ఏదో పెద్ద జంతువు గుర్రుమన్నట్టయింది. వేదిక వణికింది. ప్రెషర్ ముల్లు ఎగిరి ఎర్రగీత దాటి, కొసన కొట్టుకుని, అక్కడే గిలగిల్లాడింది. ఇనప గది అతుకుల్లోంచి తెల్లటి ఆవిరి ఈల వేసింది. ధర్మతేజ వాదిరాజ్ మీదుగా దూకి ఎర్ర బటన్ గుద్దాడు. గరాటు మూసుకుంది. ముల్లు చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్కో గీతే దిగడం మొదలుపెట్టింది.

దోసెడు ఊకకే అంత. తిరుపతమ్మ చేతిలో మూడొంతులు నిండిన బస్తా ఉంది, పక్కన ఇంకో రెండు. ఆమె ముల్లు వంక చూసింది, బస్తా వంక చూసింది, మెట్లవైపు పాకుతున్న వాదిరాజ్ వంక చూసింది. బస్తాని అతని వీపు మీద వదిలేసింది. నీళ్లు తాగి ఉందేమో, మంచి బరువుంది. అతను మళ్లీ లేవలేదు.

మేఘాని కారు దగ్గర ఈరప్ప పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే తాళాలు లాక్కుని కాలువలో విసిరేశాడంతే. ధర్మతేజ వెళ్లేసరికి ఆమె జాకెట్టు చేతులు పైకి మడిచి రెండు మోచేతులూ గోక్కుంటోంది. ఎర్రగా దద్దుర్లు తేలాయి.

"వాదిరాజ్‌కి చెప్పినా ఆ బస్తాలు తడిపేవాడే," అన్నాడు ధర్మతేజ. "మీరే ఎందుకు తడిపారు?"

"ఇక్కడివాళ్లు నీళ్ల దగ్గర నిజాయితీగా ఉండరు," అంది మేఘా చిరాగ్గా. "సగమే తడుపుతారు."

"నిఖిలేశ్‌ని తోసిందెవరు?"

"అతనే జారాడు. మీ ఆఫీసే అంది కదా."

ధర్మతేజ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాలిలోనే కాసేపు ఉంది. చివరికి ఆమె చేతిలో ఫోన్ లాక్కుంది. నిఖిలేశ్ పోయిన సాయంత్రం ఆమె మాట్లాడిన ఢిల్లీ నంబరు అందులో ఉంది. కేసు నీరుగార్చమని అంబరీశ్‌కి ఫోన్ వచ్చింది ఆ నంబరు నుంచే. ఆ నంబరు గల పెద్దమనిషి వారం తిరక్కుండా అనారోగ్య కారణాలతో రాజీనామా చేశాడు. ఆరోగ్యం నిక్షేపంగా ఉంది, కారణాలే బాగాలేవు. ఆయన్ని ఇంటికి కాక జైలుకి పంపేదాకా అంబరీశ్ ఇంకే కాగితం మీదా సంతకం పెట్టనని కూర్చున్నాడు. అతని సర్వీసులో అది మొదటిసారి.

రియాక్టర్ చల్లారాక ఈరప్ప వాల్వ్ కోసి కొత్తది బిగించాడు. విదేశీ ప్రతినిధులు పారిపోతారనుకుంటే, ఒక్కడూ కదల్లేదు. పేలకుండా మిగిలిన యంత్రం కన్నా మంచి డెమో వాళ్లెక్కడా చూడలేదట. మర్నాడు గోడౌన్ బస్తాలతో మళ్లీ మొదలుపెట్టారు. గ్యాస్ నీలంగా మండింది. బొగ్గు చిల్లులతో దిగింది.

తిరుపతమ్మ ధర్మతేజతో మాట్లాడటం లేదు. అతని ఎదురుగానే సాహితితో మాత్రం మాట్లాడుతోంది. నిజంగానే మా ఊకలో తడి ఉందా అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

"ఉందండీ," అంది సాహితి తలవంచుకుని. "మొదటి నుంచీ మీ ఊకతోనే చేస్తున్నాను. బస్తా కలిపి కొలిస్తే ఎప్పుడూ ఒకటే తడి వచ్చేది. ఈ ఊరి గాలిలో ఉందేమో అనుకుని దాని మీదే లెక్కంతా కట్టాను. పక్క జిల్లా నుంచి పొడి ఊక తెప్పిస్తే తారు కారింది, బొగ్గు పనికిరాలేదు. నిజం చెప్పాలంటే ఆ నీళ్లు లేకపోతే ఈ పద్ధతే లేదు."

తిరుపతమ్మ కొంగు సర్దుకుంది. కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.

"అయితే రేపణ్ణించి ఊకకో రేటు, నీళ్లకో రేటు," అంది. "ఇన్నాళ్లూ పొరపాటున రెండూ ఊక రేటుకే ఇచ్చేశాను."